పారేసే ముందు నెగటివ్ చూడండి

మన ఇళ్ళలో చాలావాటిలో ఒక పాత ఫిల్ము కెమెరా ఉంటుంది. ఇండియా నుంచి సూట్‌కేసులో బట్టల మధ్య వచ్చిన ఆగ్ఫా క్లిక్ త్రీ కావచ్చు, ఈ దేశానికి వచ్చిన కొత్తలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెంటాక్స్ కె1000 కావచ్చు. ఇన్నేళ్ళూ క్లాజెట్ పై అరలో నిద్రపోయింది. ఇప్పుడు హైస్కూలు పిల్లలు దాన్ని కిందికి దించి, రోలు వేసి ఫొటోలు తీస్తున్నారు. ల్యాబు నుంచి వచ్చిన ఫొటోల మీద అడ్డంగా నారింజ రంగు చారలు! "పాడైపోయింది, గరాజ్ సేల్‌లో పెట్టేద్దాం" అని పెద్దలు. "కొత్త సీల్స్ ఆర్డర్ చేసేశాను" అని పిల్లలు. రెండూ విచారణ లేకుండా ఇచ్చిన తీర్పులే అంటాము మేము.

కెమెరా అంటే ఒక చిన్న చీకటి గది. లెన్సు దారిన, షట్టర్ తెరుచుకున్నంతసేపే లోపలికి వెలుతురు రావాలి. వేరే సందులోంచి వస్తే అది దొంగ వెలుతురు. 1960ల నుంచి 80ల దాకా వచ్చిన జపాన్ కెమెరాల్లో వెనక తలుపు అంచుల్లో నల్లని ఫోము పెట్టేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఫోము తారులా జిగురైపోతుంది, లేదా పొడి పొడిగా రాలిపోతుంది. కాబట్టి ముందుగా దాని మీద అనుమానం రావడం సహజమే. కానీ అనుమానం వేరు, రుజువు వేరు. ఫోము మార్చాక కూడా అవే చారలు వస్తే ఏం చేస్తారు?

రుజువు నెగటివ్‌లో ఉంటుంది. ఫోన్‌కి వచ్చిన స్కానులో ఫొటో వరకే కనిపిస్తుంది, చుట్టూ ఉన్న అంచు కనిపించదు. నెగటివ్ పట్టీని కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. ఫొటోలో తెల్లగానో ఎర్రగానో కనిపించిన చార ఇక్కడ నల్లగా ఉంటుంది. ఆ నలుపు ఫొటో చట్రం దాటి, పక్కనున్న పళ్ళ రంధ్రాల మీదికి కూడా పాకిందా? అయితే వెలుతురు వెనక తలుపు వైపు నుంచి వచ్చినట్టు. చట్రం గీత దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయిందా? అయితే ముందు వైపు నుంచి, అంటే షట్టర్ నుంచో లెన్సు అమరిక నుంచో వచ్చినట్టు. కలర్ నెగటివ్ ఫిల్ములో రంగు కూడా సాక్ష్యం చెబుతుంది. వెనక నుంచి దూరిన వెలుతురు ఫిల్ము నారింజ పొరలోంచి వెళ్ళి, ముందుగా ఎరుపును పట్టే పొరకు తగులుతుంది. అందుకే ఆ చార సాధారణంగా ఎరుపు, నారింజ రంగుల్లో ఉంటుంది. ముందు నుంచి వస్తే తెల్లగా ఉంటుంది.

ఇక్కడ పిల్లలకు ఒక మంచి చిక్కు ఉంది. లెన్సు ఫిల్ము మీద బొమ్మను తలకిందులుగా, కుడి ఎడమలు మార్చి వేస్తుంది. ఫొటో పైభాగంలో చార ఉంటే చిల్లు కెమెరా అడుగున వెతకాలి. ఫొటో ఎడమ అంచున చార ఉంటే, వెనక నుంచి చూసినప్పుడు కెమెరా కుడి వైపున వెతకాలి. చాలా 35 ఎమ్ఎమ్ కెమెరాల్లో తలుపు మడతబందు ఉండేది ఆ వైపే. మా పిల్లలు దీన్ని మాకంటే త్వరగా పట్టేశారు. పెద్దలం కాగితం మీద బొమ్మ గీసుకుని తిప్పి చూసుకున్నాము.

కొన్ని ఫొటోలు బాగుండి కొన్నే చెడితే, ఆ కెమెరా ఎక్కడ ఎంతసేపు ఉందో గుర్తు చేసుకోవాలి. చకచకా తీసిన పది ఫొటోలకూ ఏమీ కాదు. పార్కు బెంచీ మీద ఎండలో గంటసేపు వదిలేసినప్పుడు తలుపు దగ్గర ఆగి ఉన్న ఫిల్ముకే దెబ్బ. అందుకే రోలు వేసినప్పుడల్లా ఒక నోటుబుక్కులో ఫొటో నెంబరు, ఎండా నీడా, తర్వాత కెమెరా ఎంతసేపు ఊరికే ఉంది, ఇవి రాయించండి. తెలుగులో రాయించండి, టీచర్లు హోంవర్కు లెక్కలో వేసుకుంటారు!

నేరం కెమెరాది కాకపోవచ్చు కూడా. ఎండలో నిలబడి రోలు ఎక్కిస్తే మొదటి ఫొటోల మీద పొగ పట్టినట్టు ఉంటుంది. విమానాశ్రయాల్లో కొత్తగా వచ్చిన సీటీ స్కానర్లు రోలు మొత్తాన్ని మసకబారుస్తాయి. అమెరికాలో సెక్యూరిటీ దగ్గర చేతితో తనిఖీ చేయమని అడగవచ్చు, మొహమాటపడకండి. ఆగ్ఫా క్లిక్ లాంటి పెట్టె కెమెరాల్లో ఫొటో నెంబరు చూసే ఎర్ర కిటికీ ఉంటుంది. నేటి ఫిల్ములు ఎరుపు వెలుతురును కూడా పట్టేస్తాయి కాబట్టి, రోలు తిప్పేటప్పుడు తప్ప దాని మీద నల్ల టేపు ఉంచాలి. ఇక లెన్సు మూత తీసి కెమెరాను సూర్యుడికి ఎదురుగా పెట్టేస్తే, భూతద్దంతో కాగితం కాల్చినట్టు గుడ్డ షట్టర్‌కు చిల్లు పడుతుంది. అద్దం అడ్డుండే పెంటాక్స్ లాంటి కెమెరాలకు కొంత నయం. అద్దం లేని రేంజ్‌ఫైండర్లకే భయం. ఫిల్ము లేనప్పుడు వెనక తలుపు తీసి, చీకటి గదిలో ముందు నుంచి టార్చి వేస్తే ఆ చిల్లు చుక్కలా మెరుస్తుంది.

అనుమానం తలుపు మీదే నిలిస్తే, నల్ల ఎలక్ట్రికల్ టేపు చాలు. తలుపు అంచులన్నిటికీ అంటించి కొన్ని ఫొటోలు, మడతబందు దగ్గర మాత్రం విప్పి కొన్ని, గడియ దగ్గర విప్పి కొన్ని తీయండి. ఒక్కోసారీ కెమెరాను కాసేపు ఎండలో ఉంచండి. దొంగ ఏ దారిన వస్తున్నాడో ఒక్క రోలులో తేలిపోతుంది. అప్పుడు కొనండి ఫోము. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన పుల్లతో గాడిలోంచి ఓపికగా గీకాలి, షట్టర్ మీద ఒక్క తునక కూడా పడకూడదు. సన్నని గాడిలో నల్ల ఉన్ని దారం పెట్టినా పని చేస్తుంది.

ఈ రోజుల్లో ఇంత శ్రమ ఎందుకు, ఫోన్ ఉందిగా అనేవారున్నారు. నిజమే. ఆ మాటకొస్తే శుభ్రమైన ఫోన్ ఫొటోకు ఇవే నారింజ చారలు తగిలించే యాప్‌లు కూడా వచ్చాయి! కానీ పిల్లలు ఆ కెమెరాను దించింది ఎక్కువగా ఎప్పుడో గమనించారా? అమ్మమ్మో తాతయ్యో కొన్నాళ్ళు ఉండటానికి వచ్చినప్పుడు. తాతయ్య కొన్న కెమెరాతో తాతయ్యనే ఫొటో తీయాలని వాళ్ళ ముచ్చట. ఆ 36 ఫొటోలు చారలు పడితే, మళ్ళీ తీయడానికి ఆయన అప్పటికి విమానమెక్కేసి ఉంటారు. పరీక్ష రోలు వాళ్ళు రాకముందే తీయాలి.

ఇంకొక మాట. చాలా ల్యాబులు స్కానులు పంపేసి, అడగకపోతే నెగటివ్‌లు పారేస్తున్నాయి. ఆర్డరు ఇచ్చేటప్పుడే నెగటివ్‌లు తిరిగి కావాలని రాయండి. దానికి తపాలా ఖర్చు విడిగా అడిగితే ఇచ్చేయండి.