తీగె మారితే పరీక్ష మారునా?

విజయనగరం నుండి రైలు మార్గం 1931లో పూర్తయిన నాటినుండి రాయపూరు తెలుగువారికి దూరపు ఊరు కాదు. అక్కడ రైల్వేవారి వ్యాగన్ మరమ్మతు కార్ఖానా ఉన్నది. ఉర్లా, సిల్తరా వాడలలో ఉక్కు పరిశ్రమలున్నాయి. ఇటువంటి చోట్ల బరువంతా అతుకు మీదనే నిలుస్తుంది. బొగ్గు నింపిన బాక్స్-ఎన్ వ్యాగను మొత్తం బరువు 81 టన్నుల పైమాటే. అందుకే వెల్డరు చేతికి పరీక్ష పెట్టిన తరువాతనే పని అప్పగించాలి.

అయితే ఒకసారి నెగ్గిన పరీక్ష ఎంతవరకు చెల్లుతుంది? తీగెను యంత్రమే అందిస్తూ ఉంటే, గన్ను పట్టిన చేతికి అన్ని పనులూ ఒకటేనని చూసేవారికి తోస్తుంది. కాని తీగెలలో భేదం ఉన్నది. ఘనమైన తీగెతో చేసే పనిని కార్మికులు సీవోటూ వెల్డింగ్ అంటారు. అందులో కార్బన్ డయాక్సైడ్ వాయువు, కరిగిన లోహానికి గాలి సోకకుండా కాపాడుతుంది. మరొక తీగె గొట్టంవలె బోలుగా ఉండి, లోపల ఫ్లక్స్ పొడి నింపుకొని ఉంటుంది. ఆ పొడి కరిగి స్లాగ్‌గా, అనగా చిట్టెంగా, పైకి తేలుతుంది. చేతి వాటం తప్పితే ఆ చిట్టెం అతుకులోనే చిక్కుకొంటుంది.

2012 నాటి ఐ.ఎస్.ఓ. 9606-1 ప్రమాణం ప్రకారం, ఘన తీగెతో నెగ్గినవాడు ఫ్లక్స్ తీగెకు మరల పరీక్ష ఇవ్వవలసినదే. లోహపు పొడి నింపిన తీగెకు మాత్రం అక్కరలేదు.

అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘంవారి నియమావళి గీతను వేరొకచోట గీసింది. దాని దృష్టిలో ఘన తీగె, ఫ్లక్స్ తీగె ఒకే కోవకు చెందినవి. కాని తీగె కొన సెకనుకు 20 నుండి 200 సార్లు కరిగిన లోహాన్ని తాకే షార్ట్ సర్క్యూట్ పద్ధతికి అది వేరు పరీక్ష కోరుతుంది. ఆ పద్ధతిలో వేడి తక్కువ. పలుచని రేకులకు అది మేలే. మందపాటి పలకలపైన మాత్రం, పైకి నున్నగా కనిపించే అతుకు అడుగున ఇనుముతో కలవకపోవచ్చును. ఈ లోపం ఎక్స్‌రేకు కూడ చిక్కకపోవచ్చును. అందువల్ల అక్కడ ఎక్స్‌రే చాలదు; పరీక్ష ముక్కను వంచి చూడవలసి ఉంటుంది. ఐ.ఎస్.ఓ. ప్రమాణంలోనూ ఈ పద్ధతిలో నెగ్గినవానికి తక్కిన పద్ధతులు చెల్లుతాయి. వాటిలో నెగ్గినవానికి ఇది చెల్లదు.

ఒక విషయంలో ఇరువురిదీ ఒకే మాట: ఆరు నెలలు ఆ ప్రక్రియలో పని చేయకపోతే అర్హత నిలువదు.

ఇరవై ఏళ్ల అనుభవం గలవానికి మరల పరీక్ష అంటే మనసు నొచ్చుకోవచ్చును. కాని అది అతని పనితనాన్ని శంకించడం కాదు. ఆ పనితనం ఈ తీగెతో కూడ నిలుస్తుందా అని చూడడమే. కార్ఖానా మారదలచిన వెల్డరు, తన పత్రంలో ప్రక్రియ, తీగె రకం, లోహం కరిగి చేరే తీరు స్పష్టంగా రాయించుకోవడం మంచిది. అతని కూడు, ఆ వ్యాగను క్షేమం రెండూ ఆ నాలుగు పంక్తుల మీద ఆధారపడి ఉన్నాయి.