సామాన్యుల చావుకు జవాబు ఎవరు చెప్పాలి?

జగిత్యాల: మావోయిస్టు పార్టీని ఏళ్లపాటు నడిపిన గణపతిది జగిత్యాల ప్రాంతంలోని బీర్‌పూర్. అగ్ర నాయకుడిగా పేరున్న తిప్పిరి తిరుపతి అలియాస్ దేవ్‌జీది కోరుట్ల. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టులే లేకుండా చేస్తామని కేంద్రం గడువు పెట్టాక ఈ పేర్లు మళ్లీ వార్తల్లోకొచ్చాయి. ఎవరు లొంగిపోయారు, ఎవరి తలపై ఎంత రివార్డు ఉందన్నదే చర్చ. ఏ పక్షంలోనూ లేకుండా చనిపోయిన వాళ్ల ముచ్చట మాత్రం పెద్దగా వినబడట్లేదు.

1978 సెప్టెంబరు 9న దొరల దౌర్జన్యానికి, వెట్టికి వ్యతిరేకంగా వేలాది మంది రైతు కూలీలు జగిత్యాల జైత్రయాత్ర చేశారు. అక్టోబరు 20న సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1980లో పీపుల్స్‌వార్ పుట్టింది. ఆ తర్వాత ఇక్కడి పల్లెలు రెండు భయాల మధ్య నలిగాయి. రాత్రి వచ్చినోళ్లకు అన్నం పెడితే పొద్దున పోలీసులు. పోలీసులతో మాట్లాడితే ఇన్‌ఫార్మర్ అనే ముద్ర.

1990 అక్టోబరులో చర్లపల్లి దగ్గర నక్సలైట్లు కాకతీయ ఎక్స్‌ప్రెస్ బోగీకి నిప్పుపెడితే 40 మందికి పైగా ప్రయాణికులు కాలిపోయారు. 2012 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని సార్కెగూడలో భద్రతా బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. వాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారాల్లేవని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక బయటికొచ్చేసరికి 2019 అయింది.

రెండు పక్షాల జవాబూ ఒక్కటే: 'ముందు వాళ్లు చేసింది చూడండి'. కానీ ఇది జమాఖర్చుల పుస్తకం కాదు, ఇటు చావును అటు చావుతో కొట్టేయడానికి. ఎవరు చంపితే ఆ చావు వాళ్ల ఖాతాలోనే ఉంటుంది. అవతలోడి నేరం పెద్దదైనంత మాత్రాన ఇవతలోడి బాకీ తీరిపోదు.

ఇద్దరి బాధ్యతా ఒకే రకమైనది కూడా కాదు. సర్కారు రాజ్యాంగం మీద ప్రమాణం చేసి, జనం పన్నులతో ఆయుధాలు కొంటుంది. అందుకే దాని మీద చట్టపరమైన బాధ్యత ఎక్కువ. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ ఉండాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అటు, ప్రజల కోసమే తుపాకీ పట్టామన్న పార్టీ ఆ ప్రజలకే జవాబు చెప్పనంటే కుదరదు. రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదిక ఇద్దరినీ నిలదీసింది. నక్సలైట్ల హింసనూ ప్రశ్నించాలన్న బాలగోపాల్ 1998లో మానవ హక్కుల వేదికతో వేరే దారి పట్టారు.

గాజా గురించి మాట్లాడేటప్పుడూ ఇదే తూకం కావాలి. 2023 అక్టోబరు 7న హమాస్ పౌరులను చంపింది. ఆ పేరు చెప్పి ఇజ్రాయెల్ గాజాలో పదుల వేల మందిని చంపడం న్యాయం అయిపోదు. ఇజ్రాయెల్‌ను అడిగే ప్రశ్నను మన ఊళ్లో అడగకపోతే ఆ ప్రశ్నకు విలువుండదు. తొలి ఖలీఫా హజ్రత్ అబూబకర్ (రజి) సైన్యాన్ని పంపేటప్పుడు మహిళలను, పిల్లలను, వృద్ధులను చంపొద్దని ఆదేశించినట్టు హదీసు గ్రంథాల్లో ఉంది. శత్రువు ఎలాంటివాడైతే ఈ నియమం వర్తిస్తుందన్న షరతేమీ అందులో లేదు.

బాధ్యత తీసుకోవడమంటే ఏంటో సిరిసిల్లకు కొత్త కాదు. దుబాయ్‌లో నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో శిక్షపడ్డ సిరిసిల్ల జిల్లా వాసులు ఐదుగురు దాదాపు 18 ఏళ్ల తర్వాత 2024 ఫిబ్రవరిలో ఇంటికొచ్చారు. అంతకుముందు కేటీఆర్ నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబాన్ని కలిసి, 15 లక్షల రూపాయల దియా అందజేశారు. డబ్బు ప్రాణానికి సరిపోదు. కానీ తప్పు జరిగిందని ఒకరు ఆ ఇంటి గడప దాకా వెళ్లారు.

ఈ పోరులో పోయిన సామాన్యుల ఇళ్లకు అలా ఎంతమంది వెళ్లారు? లొంగిపోయిన వాళ్లకు పునరావాసం ఇవ్వాల్సిందే. దాంతోపాటు ఎవరి తూటాకైనా, ఎవరి మందుపాతరకైనా బలైన సామాన్యుల పేర్లతో ఊరూరా జాబితా తయారు కావాలి. ఎవరి వల్ల చనిపోయారో రాయాలి. పరిహారం ఇవ్వాలి. తుపాకులు ఆగిపోయినా, ఇన్‌ఫార్మర్ కొడుకు, నక్సలైట్ కొడుకు అనే పేరు మోస్తున్న పిల్లల లెక్క అప్పటిదాకా తేలదు.