గృహ ప్రార్థనను నడపవలసినవారెవరు?



మన పాఠశాలలో ఉదయపు గంట మ్రోగిన పిమ్మట ప్రార్థన జరుగుచున్నది. ఆదివారమున దేవాలయమందు ఆరాధన జరుగుచున్నది. ఈ రెంటిని గూర్చి నేను చెప్పవలసినదేమియు లేదు. నేను వ్రాయ నుద్దేశించినది మూడవదానిని గూర్చి. సాయంకాలము దీపము వెలిగించిన తరువాత ఇంటివారందరు ఒకచోట కూర్చుండి, పరిశుద్ధ గ్రంథమునుండి కొంత భాగము చదువుకొని ప్రార్థించు నాచారము మన కరీంనగరు, ఆదిలాబాదు సీమల క్రైస్తవ గృహములలో నానాటికి సన్నగిల్లుచున్నదని నాకు తోచుచున్నది. విశ్వాసము చల్లారుటయే దీనికి కారణమని పెద్దలు కొందరు నిందించుచుందురు. నేనట్లు తలంపను. చాల యిండ్లలో చదువవలసిన వారెవరో తేలకుండుటయే అసలు కారణము. నాయన వచ్చి చదువవలెనని తల్లియు, గురువుగారు వచ్చి ప్రార్థింపవలెనని నాయనయు, పెద్దవారు మొదలిడవలెనని పిల్లలును కనిపెట్టుకొని యుందురు. ఇట్లు ఒకరికొరకొకరు కనిపెట్టుకొని యుండగనే భోజనములగును, నిద్ర వచ్చును.

నాయన యింట నుండని యిండ్లు మన ప్రాంతమున నెన్ని యున్నవో యోచింపుడు. గోదావరిఖని, శ్రీరాంపురము, మందమర్రి బొగ్గుగనులలో పనిచేయువారికి మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు అని మూడు వంతులు. ఒక వారము సాయంకాలము ఇంట నుండువాడు మరియొక వారము ఆ వేళకు గనిలో నుండును. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయిన నాయనలు రెండు మూడేండ్లకొకసారి గాని యింటి ముఖము చూడరు. సిరిసిల్లలో మరమగ్గములయొద్ద నిలుచువారికి దీపాలవేళ యనగా పని ముగిసిన వేళ కాదు. బీడీలు చుట్టు తల్లి రాత్రి పొద్దుపోవువరకు చాట ముందు వేసికొని కూర్చుండును. ఇట్టి యిండ్లకు పోయి, సాయంకాలము ఏడు గంటలకు ఇంటి యజమానుడు ప్రార్థన నడపవలెనని బోధించుట నిష్ప్రయోజనము. ఆ బోధ విని వారు తలవంచుకొందురు. మరునాడు యథాప్రకారమే జరుగును.

ప్రార్థనకు ఇంటి యజమానుడే కావలెనని పరిశుద్ధ గ్రంథము నిర్బంధించుట లేదు. తిమోతి సంగతి తలంచుకొనుడు. అతని తండ్రి గ్రీసు దేశస్థుడు. అతనికి బాల్యమునుండి లేఖనములు తెలిసియుండెను. ఆ విశ్వాసము మొదట అతని అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను నుండెనని అపొస్తలుడగు పౌలు పేరు పెట్టి జ్ఞాపకము చేసెను. తరువాత సంఘమునకు కాపరియైనవాడు ఒక ముసలమ్మయొద్ద మొదటి పాఠము నేర్చుకొనెను.

మరియొక తల్లిని గూర్చి చెప్పెదను. 1880ల దశకమున కరీంనగరమునకు వచ్చి సువార్త ప్రకటించినది వెస్లియను మెథడిస్టు మిషను. ఆ మిషనుకు పేరిచ్చిన జాన్ వెస్లీని మనవారెరుగుదురు. ఆయన తల్లియగు సుసన్నా వెస్లీని ఎరిగినవారు కొద్దిమంది. ఇంగ్లండులో ఎప్‌వర్తు అను గ్రామమున ఆమె భర్త గురువు. ఆమె కన్న పందొమ్మిదిమంది బిడ్డలలో తొమ్మిదిమంది పసితనముననే చనిపోయిరి. మిగిలినవారిలో ఒక్కొక్కరితో వారమునకొక సాయంకాలము ఒంటరిగా కూర్చుండి ఆత్మీయ విషయములు మాటలాడుట ఆమె నియమము; జానుకు గురువారము వచ్చెడిది. 1712వ సంవత్సరపు శీతకాలమున భర్త సభాకార్యమై లండనులో నుండగా, ఆమె ఆదివారపు సాయంకాలము తన పిల్లలను పనివారిని కూర్చుండబెట్టుకొని, ప్రార్థనలు చదివి, ఒక ప్రసంగము చదివి వినిపించెడిది. ఇరుగుపొరుగువారు తామును వినవచ్చునా యని యడిగిరి. కొన్ని వారములలో వచ్చువారు రెండువందలకు మించిరి. భర్త స్థానమున నున్న ఉపగురువునకిది రుచింపక ఫిర్యాదు వ్రాసెను. భర్తయు స్త్రీ యిట్లు చేయుట తగునా యని సందేహించి వ్రాసెను. ఆమె వినయముగనే గాని దృఢముగా ప్రత్యుత్తరమిచ్చెను, ప్రార్థన మానలేదు. అప్పటికి జాను ఎనిమిదేండ్ల బాలుడు. ఆ వంటయింటి కూడికలో అతడును కూర్చుండి యుండెను.

దుబాయిలోనో సౌదీలోనో భర్త యుండగా జగిత్యాలలో పిల్లలను పెంచుచున్న తల్లి, తనకు అధికారము లేదని సంకోచింపనేల? జగిత్యాలలో రాత్రి ఎనిమిదిన్నర యగునప్పుడు దుబాయిలో ఏడు గంటలు, రియాదులో ఆరు గంటలు. ఎట్లును ఆ వేళకు మాటలాడుకొనుచునే యున్నారు గదా! డబ్బు పంపిన సంగతి, జ్వరము వచ్చిన సంగతి అయిన తరువాత ఐదు నిమిషములు బిడ్డ చదువగా నాయన వినవచ్చును. సెల్‌ఫోనును మేము ఉపాధ్యాయులము పిల్లలయెదుట నిందించుచుందుము. ఈ పనికి మాత్రము దానిని కొనియాడెదను.

ఇక మన సీమలోని మొదటి తరమువారి సంగతి. బాప్తిస్మము పొందినవారిలో అధికభాగము మాల, మాదిగ వాడలవారు, పగలంతయు పరుల పొలములలో పనిచేసినవారు, అక్షరము ముఖమెరుగనివారు. వారికి తీరికయైన వేళ రాత్రి యొక్కటియే. వాడలో నొక దీపము పెట్టుకొని, పంతులుగారు ఒక మాట చెప్పగా అందరును ఆ మాటను తిరిగి పలికెడివారు. ప్రభువు ప్రార్థనయు, విశ్వాసప్రమాణమును, పది యాజ్ఞలును, బైబిలు కథలును, కీర్తనలును ఇట్లే కంఠస్థములయ్యెను. మనకు పొరుగుననున్న దోర్నకలులో అజరయ్యగారు 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన బిషపుగా అభిషేకింపబడిరి; ఆంగ్లికను సంఘమున భారతీయులలో మొదటి బిషపు ఆయనయే. ఊరూర పంతులు నుంచి, ప్రతి సాయంకాలము వాడవారిని ప్రార్థనకు కూర్చు పద్ధతిని ఆయన మిక్కిలి ముఖ్యముగా నెంచిరి. చదువు రానివారి విశ్వాసము చెవిద్వారా, నోటిద్వారా, దినదినము నిలిచినది. ఆదివారపు ప్రసంగము ఒక్కటియే వారిని నిలిపియుండదు.

నా చిన్నతనమున మా యింట నొక ముసలమ్మ యుండెడిది. ఆమెకు అక్షరములు రావు. ప్రతి రాత్రి పిల్లలలో నొకరిని పిలిచి చదివించుకొనెడిది. ఒకనాడు నిద్రమత్తులో నున్న బాలుడు 121వ కీర్తన చదువుచు, త్వరగా ముగించు నాశతో నడుమ నొక వచనము దాటవేసెను. ఉన్నవి ఎనిమిది వచనములే. ముసలమ్మ కన్నులు మూసికొనియే, “గదేంది బిడ్డా, నడుమ ఒక మాట ఇడిసిపెట్టినవ్?” అనెను. ఆ బాలుడను నేనే. చదువు వచ్చిన నాకంటె చదువు రాని యామెకే ఆ కీర్తన ఎక్కువగా వచ్చియుండెను. ఈనాడు మన పిల్లలందరును చదువనేర్చినవారే. అయినను ఎనిమిది వచనములు చూడకుండ చెప్పగలవారు తరగతికి ఎందరుందురో ఉపాధ్యాయులనడిగి తెలిసికొనుడు.

పుస్తకము చేతిలో సులభముగా నుండుటయే మనలను సోమరులను చేసినదేమో! అది తెలుగున మనకు సులభముగా రాలేదు. జర్మనీ దేశస్థుడగు బెంజమిన్ షుల్జు చెన్నపట్టణమున తెలుగు అనువాదమును 1732లో ముగించెను గాని అది అచ్చునకు నోచుకొనలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాను, అగస్టసు దె గ్రాంజి యనువారు ఆనందరాయరను పండితుని సాయముతో మరల పూనుకొనిరి. క్రాను 1809లోను, దె గ్రాంజి 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరామపురమున అచ్చయి వెలువడినది 1812లో. తాము దిద్దిన పుటలను అచ్చులో చూచు భాగ్యము వారికి లేకపోయెను. తెలుగున బైబిలు సంపూర్ణముగా వెలువడుటకు 1854 వరకు పట్టెను.

ఇంత శ్రమచే లభించిన గ్రంథమును మనమెట్లు వాడుకొనుచున్నాము? పీడకలలు రాకుండ దిండు క్రింద పెట్టుకొనువారు కలరు. డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆరాధనలో వాగ్దానపు చీటీ తీసికొని, అది మంచిదైనచో గోడకంటించి, గద్దింపు మాటయైనచో మరియొకటి తీయగోరువారు కలరు. ప్రొద్దున లేచి ఫోనులో ఒక వచనపు బొమ్మను నలుగురికి పంపి, ఆ దినపు బైబిలు పని ముగిసినదని తలంచువారు మరింత ఎక్కువ. వీరిని వెక్కిరించుట నా యుద్దేశము కాదు. ఆ చీటీలో నున్నదియు దేవుని మాటయే. అయితే ఆ మాటకు ముందేమున్నది, వెనుక నేమున్నది, ఎవరు ఎవరితో చెప్పిరి అని యడుగని యెడల, జోస్యము చెప్పించుకొనుటకును దీనికిని భేదమేమి? అరణ్యములో ఇశ్రాయేలీయులు మన్నాను ఏ దినమునకు ఆ దినమే ఏరుకొనవలసియుండెను. విశ్రాంతిదినమునకు ముందు తప్ప మరునాటికి దాచినది పురుగుపట్టెను. ఏడాదికొక చీటీ చాలునని తలంచువారు ఆ కథను ఒకసారి చదువుదురుగాక.

దీనికి విరుద్ధమైన యుత్సాహమును చూచినాను. జనవరి 1వ తేదీన ఆదికాండము మొదలిడి, ఏడాదిలో 66 పుస్తకములు, 1189 అధ్యాయములు ముగింతుమని పట్టుపట్టుదురు. దినమునకు మూడేసి అధ్యాయముల చొప్పున ఆదికాండము 50, నిర్గమకాండము 40 జనవరి నెలాఖరుకు ముగియును. ఫిబ్రవరిలో లేవీయకాండము వచ్చును. బలుల విధులు, కుష్ఠు పరీక్షలు చదువుచు చదువుచు పదిమందిలో తొమ్మిదిమంది అచ్చటనే ఆగిపోవుదురు. ఆగినవారు సిగ్గుపడి ఆ యేడు మరల పుస్తకము తెరువరు. అలవాటున్న పెద్దలకు ఆ పద్ధతి మంచిదే. పిల్లలున్న యింటికి అది తగదని నా మతము.

పాఠశాలలో మేము చెప్పు బైబిలు పాఠమును గూర్చియు ఒక మాట నిష్కపటముగా చెప్పవలెను. మేము పరీక్ష పెట్టుదుము, మార్కులు వేయుదుము, బహుమానములిత్తుము. పన్నిద్దరు శిష్యుల పేర్లు తప్పులేక వ్రాసినవానికి మార్కులు వచ్చును. వాడు తన ప్రక్కవాని కలము దొంగిలించినది తిరిగి ఇచ్చెనా లేదా యని మేము అడుగము. అడుగవలసిన స్థలము ఇల్లు. చదివిన మాట తన దినమును తాకినదా యని తల్లి యడుగగలదు, మేము అడుగజాలము. మన పాఠశాలకు తమ బిడ్డలను పంపుచున్న ఇతర మతస్థులైన తలిదండ్రులు కూడ ఈ పుటలు చదువుదురు. వారి యిండ్లలోను సంధ్యాదీపము వెలుగును, భజన జరుగును. ఆ క్రమమును చూచి మనవారు కొందరు నేర్చుకొనవలసినది కలదు.

ప్రార్థన ఎట్లు చేయవలెనని పిల్లలు నన్నడుగుచుందురు. గురువుగారివలె పెద్ద మాటలు రావని వారి భయము. పెద్ద మాటలు అక్కరలేదు. పుస్తకములోని తెలుగు కఠినముగా నున్నచో, చదివిన తరువాత దానిని మన యింటి మాటలలో ఒకరికొకరు చెప్పుకొనుడు. సులభమైన తెలుగులో వెలువడిన అనువాదములును ఇప్పుడున్నవి. ఆదిలాబాదు అడవి గ్రామములనుండి మన వసతిగృహమునకు వచ్చిన బిడ్డ ఇంటికి పోయినప్పుడు తెలుగున చదివి, తల్లికి గోండిలోనో కోలామీలోనో చెప్పి, ఆ భాషలోనే ప్రార్థింపవచ్చును. అప్పు ఎవరికి ఎంత యున్నదో, ఎవరితో మాటలు లేవో, గనిలోనికి దిగిన నాయన క్షేమముగా పైకి రావలెనో, లెక్కల పరీక్షకు ఎంత భయమో, ఇవన్నియు దేవునియెదుట పేరు పెట్టి చెప్పుకొనవలసిన సంగతులు. ఆ దినము మనము చేసిన తప్పును కూడ చెప్పుకొనవలెను. అది అన్నింటికంటె కష్టము, చిన్నవారికంటె పెద్దవారికి మరింత కష్టము.

వేళను గూర్చి వాదము వలదు. రెండవ షిఫ్టు వారమున నాయన రాత్రి పదకొండు దాటిన తరువాత గాని యిల్లు చేరడు. ఆ వారము ఉదయము చదువుడు. మగ్గము ఆగిన వేళ చదువుడు. బీడీలు చుట్టు తల్లి చేతులు ఆపనక్కరలేదు. చెవులు ఖాళీగనే యున్నవి.

వేసవి సెలవులు సమీపించుచున్నవి. మార్కు సువార్త 16 అధ్యాయములు. దినమునకు సగము చొప్పున 32 దినములు. ఆరవ తరగతి చదువు పిల్లవాడైనను పది నిమిషములలో ముగింపగలడు. ఈ సెలవులలో మన విద్యార్థులు ఎవరును పిలువకున్నను పుస్తకము తీసికొని వాకిట కూర్చుండి బిగ్గరగా చదువ మొదలిడుదురుగాక. మొదటి రెండు దినములు ఇంటివారు నవ్వవచ్చును. మూడవ దినము ఎవరో ఒకరు వచ్చి కూర్చుందురు. చదువు రాని అవ్వ యింటనున్నచో ఆమె ప్రక్కనే కూర్చుండుడు. ఒక వచనము దాటవేసినచో ఆమెయే దిద్దును.