పని చేసుకుంటూ పంతులు కాలేమా?



రాత్రి లైట్లు ఆర్పాక మన హాస్టల్లో నడిచే ముచ్చట్లలో ఈ మధ్య ఒక మాట బాగా వినబడుతోంది. "ఇంటర్ కాగానే హైదరాబాద్ పోదాం. హైటెక్ సిటీలో ఏదో ఒక పని దొరుకుతుంది. డిగ్రీ ఓపెన్‌లో కట్టేద్దాం, బి.ఇడి. కూడా ఓపెన్‌లోనే చేసి టీచరవుదాం." దీని మీద నా అభిప్రాయం రాస్తున్నాను. పెద్ద తరగతుల అన్నలు, అక్కలు కోపగించుకోవద్దని మనవి.

ఈ మాటలో మొదటి సగం నిజమే. మా అన్న మాదాపూర్‌లో ఒక కంపెనీ బిల్డింగు దగ్గర సెక్యూరిటీ గార్డు. నైట్ డ్యూటీలో గేటు దగ్గర కుర్చీలో కూర్చునే డిగ్రీ పాసయ్యాడు. అతను చదివిన డా. బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అక్కడికి దగ్గరే. దుర్గం చెరువు మీద 2020లో తెరిచిన తీగల వంతెన దాటితే జూబ్లీహిల్స్‌లో ఉంటుంది. 1982లో పెట్టారు, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. సైబర్ టవర్స్ వచ్చింది 1998లో. అంటే ఆ అద్దాల మేడల కంటే 16 ఏళ్ళు ముందే, పని చేసుకునేవాళ్ళ కోసం పుట్టిన చదువు అది.

రెండో సగం దగ్గరే మనం పొరబడుతున్నాం. దూరవిద్య బి.ఇడి. ఉంది గాని అందరికీ కాదు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో చేసిన నిబంధనల ప్రకారం, ప్రాథమిక బడుల్లో పనిచేస్తున్న ట్రైన్డ్ టీచర్లకు, లేదా ముందే క్లాసులకు పోయి డి.ఇడి. లాంటి ట్రైనింగ్ పూర్తి చేసినవాళ్ళకు మాత్రమే సీటు. వట్టి డిగ్రీతో పోతే కుదరదు. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ యూనివర్సిటీ దూరవిద్య బి.ఇడి.కీ ఇదే నిబంధన, పైగా అక్కడ ఉర్దూ రావాలి. పక్కదారి అనుకున్నది తీరా చూస్తే పెద్ద గేటు లోపల్నుంచి పోయే దారి!

ఇక మిగిలింది ఎడ్‌సెట్ రాసి రెండేళ్ళు రెగ్యులర్‌గా చదవడం. ఆ రెండేళ్ళు ఇంటికి డబ్బులు ఎవరు పంపాలి? అంత చేసినా ఆ బి.ఇడి.తో ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే ఎస్.జి.టి. పోస్టు రాదు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది.

అలాగని ట్రైనింగ్ కుదించమని నేననను. 2017లో చట్టం సవరించి, ట్రైనింగ్ లేకుండా పనిచేస్తున్న టీచర్లంతా 2019 మార్చి 31 లోపు అది పూర్తి చేయాలన్నారు. జాతీయ ఓపెన్ స్కూల్ వాళ్ళు 18 నెలల కోర్సు నడిపారు. దేశమంతా లక్షలమంది చేశారు. తర్వాత అది రెండేళ్ళ డిప్లొమాతో సమానమా కాదా అని గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. నష్టపోయింది ఎవరు? చదివినవాళ్ళే. అందుకని చదువు తగ్గించొద్దు, వేళలు మార్చండి అంటాను. సాయంత్రాలు, సెలవు రోజులు క్లాసులు పెట్టాలి. బళ్ళో పాఠాలు చెప్పి నేర్చుకునే ఆ 20 వారాలూ మన ఆశ్రమ పాఠశాలల్లోనే చేయనిచ్చి, అన్ని వారాలకూ భృతి ఇవ్వాలి. టెట్ మాత్రం అందరితో పాటే రాయాల్సిందే.

ఎందుకింత పట్టు అంటారేమో. మా ఇంట్లో కోయ మాట్లాడతాం. ఒకటో తరగతిలో సారు చెప్పేది అర్థంగాక నేను గోడవంక చూస్తూ కూర్చునేవాణ్ణి. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జి.ఓ. నంబరు 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు మన భాష తెలిసిన టీచరు మన బడికి రావాలంటే పోటీలో నెగ్గే రావాలి.

కాబట్టి ఇంటర్ వాళ్ళు వరుస తిరగెయ్యండి. ముందు డీఈఈసెట్ రాసి, డైట్‌లో రెండేళ్ళ డి.ఇడి. చేయండి. (ఇప్పుడు దాని పేరు డి.ఎల్.ఇడి.) ఎస్.జి.టి.కి దారి అదే. ఆ తర్వాత హైటెక్ సిటీకి పోయినా సరే, ఓపెన్ డిగ్రీ, ఆపైన దూరవిద్య బి.ఇడి. రెండూ పని చేసుకుంటూ చదవొచ్చు.

వార్డెన్ గారికి ఒక విన్నపం. డీఈఈసెట్ ప్రకటన పేపర్లో పడ్డ రోజే మెస్ పక్క నోటీసు బోర్డు మీద అంటించాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మండలాఫీసుకు పోయి రావడానికి రెండు రోజులు సెలవు కూడా ఇప్పించాలి.