పద్నాలుగు సీట్ల బోటు మనకెందుకు?

మా వారికి బోటు కొనాలని రెండేళ్ళుగా కోరిక. మేముండేది అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో. పావుగంట కారులో వెళ్తే లేక్ లేనియర్. 1950లలో చట్టాహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ కడితే ఏర్పడిన సరస్సు అది. ఎండాకాలం శనివారం వచ్చిందంటే మా వీధిలో సగం కార్లు అటే. మన తెలుగువాళ్ళ కుటుంబాలు కూడా ఈ మధ్య ఒక్కొక్కటిగా బోట్లు కొంటున్నాయి. ఇక మా ఇంట్లో చర్చ ఆగుతుందా?

కొత్త బోటు ధర చూసి గుండె గుభేలుమంది కాబట్టి వాడినదే కొందామనుకున్నాం. వెతగ్గా వెతగ్గా రెండు పాంటూన్ బోట్లు మిగిలాయి. పాంటూన్ అంటే ఏమిటని అడిగేవారికి గోదావరి పంటు గుర్తుచేస్తాను. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ దాటించేది చూశారుగా, చదునుగా ఉంటుంది. ఇదీ అలాంటిదే, కాకపోతే సోకు ఎక్కువ. లావుపాటి అల్యూమినియం గొట్టాల మీద చదునైన డెక్, చుట్టూ రెయిలింగు, సోఫాలు, పైన నీడకి గుడ్డ. మన వరండా నీళ్ళ మీద తేలుతున్నట్టుంటుంది. 1950ల మొదట్లో మిన్నెసోటాలో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనప పీపాల మీద చెక్కల వేదిక బిగించి మొదలుపెట్టాడట. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు ప్లాట్‌ఫారం మీంచి రైలెక్కినట్టు గేటులోంచి లోపలికి వెళ్ళిపోవచ్చు. అందుకే పాంటూన్ అన్నంతవరకు ఇంట్లో గొడవ లేదు. ఏ పాంటూన్ అన్నదగ్గరే వచ్చింది తంటా.

మొదటిది 2012 మోడల్, 20 అడుగులు, రెండు గొట్టాలు, 60 హార్స్ పవర్ ఇంజను, తొమ్మిది మందికి చోటు, 14,000 డాలర్లు. రెండోది 2015 మోడల్, 24 అడుగులు, మూడు గొట్టాలు, 150 హార్స్ పవర్, పద్నాలుగు మందికి చోటు, 27,000 డాలర్లు. మా వారికి రెండోది నచ్చింది. నాకు మొదటిది.

ఆయన వాదన తీసిపారేసేది కాదు. మూడు గొట్టాల బోటు అలల్లో నిలకడగా ఉంటుంది. లేనియర్ మీద ఎండాకాలం మధ్యాహ్నాలు పెద్ద బోట్లు లేపే అలలు మామూలుగా ఉండవు. 60 హార్స్ పవర్‌తో నిండుగా మనుషులుంటే బోటు భారంగా కదులుతుంది, పిల్లల్ని ట్యూబు మీద కూర్చోబెట్టి లాగడం అంత సరదాగా ఉండదు. పెద్దదాంట్లో బట్టలు మార్చుకోవడానికి తెర ఉన్న చిన్న మూల కూడా ఉంది. ఆడవాళ్ళకి అదెంత సుఖమో నేను చెప్పక్కర్లేదు. "ఇంత డబ్బు పెడుతూ చిన్నది ఎందుకు? నలుగురూ వస్తే చోటుండద్దా?" అన్నారాయన.

ఆ "నలుగురూ వస్తే" అన్న మాట దగ్గరే నేను ఆగాను.

మా ఇంట్లో ఉండేది నలుగురం. అత్తగారు, మామగారు ఇండియా నుంచి వచ్చిన ఆరు నెలలూ ఆరుగురం. తొమ్మిది సీట్లలో ఆరుగురు కూర్చుంటే ఇంకా మూడు మిగులుతాయి, పులిహోర డబ్బాకీ కూలరుకీ సరిపోతుంది. పద్నాలుగు సీట్లు కొన్నామంటే ప్రతి శనివారం మిగిలిన ఎనిమిదీ నింపాలనిపిస్తుంది. ఖాళీ సీటు చూస్తే మన మనసు ఊరుకోదు. ఫలానా వాళ్ళని పిలవలేదంటారేమో, పోయినసారి వాళ్ళు పిలిచారు కదా, అంటూ మొదలవుతుంది. కుటుంబంతో సరదాగా గడపడానికి కొన్న బోటు వారం వారం పెళ్ళి భోజనాల ఏర్పాటులా తయారవుతుంది. ఆ ఏర్పాటు ఎవరు చేస్తారో మీకూ తెలుసు. బోటు నడిపే మనిషికి స్టీరింగ్ ఒక్కటే పని. తువ్వాళ్ళు, సన్‌స్క్రీను, మంచినీళ్ళు, మందులు, తిండి, తడిబట్టలు, ఎవరి పిల్లాడు ఎక్కడున్నాడన్న లెక్క, ఇవన్నీ మనవే.

ఆ చివరి లెక్కే నాకు అన్నిటికన్నా పెద్దది. పద్నాలుగు మందిలో కనీసం ఆరుగురు పిల్లలుంటారు. పెద్దవాళ్ళు కబుర్లలో ఉంటారు. "అందరం చూస్తూనే ఉన్నాంగా" అంటే ఎవరూ చూడటం లేదనే అర్థం. నీళ్ళలో మునిగే పిల్ల సినిమాలోలాగా చేతులూపి కేకలు వెయ్యదు, చప్పుడు లేకుండా జారిపోతుంది. పాంటూన్‌కి దానివైన ప్రమాదాలు ఇంకొన్ని ఉన్నాయి. ముందు గేటు అవతల అంచున కూర్చుని నీళ్ళలోకి కాళ్ళు వేలాడేయడం పిల్లలకి మహా సరదా. అక్కణ్ణించి జారితే బోటు వాళ్ళ మీదుగా వెళ్తుంది, వెనక తిరిగే ప్రొపెల్లరు ఉంటుంది. ఫొటో కోసం అందరూ ముందుకు చేరితే ముక్కు కిందికి దిగుతుంది, ఆ క్షణంలో పెద్ద అల వస్తే నీళ్ళు డెక్ మీదికి ఎక్కుతాయి. ఇంజను ఆన్‌లో ఉండగా వెనక నిచ్చెన దగ్గర పిల్లలు వేలాడితే వాసన కూడా లేని కార్బన్ మోనాక్సైడ్ పీలుస్తారు.

జార్జియా చట్టం ప్రకారం కదిలే బోటులో పదమూడేళ్ళ లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. మా ఇంట్లో డెబ్భై ఏళ్ళవాళ్ళయినా సరే, వేసుకోవాలి. ఈ నియమం నాది కాదు, రాజమండ్రిలో పుట్టి పెరిగిన మా అత్తగారిది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి బయల్దేరిన పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయిన రోజు ఆవిడ టీవీ ముందునుంచి లేవలేదు. "ఉక్కగా ఉందని ఎవరైనా విప్పితే నేను దిగిపోతానమ్మాయ్" అని ముందే చెప్పేశారు. ఆరుగురి చేత జాకెట్లు వేయించి ఉంచడం నాకు చేతనవుతుంది. అతిథుల్ని, అందులోనూ మొహమాటం ఉన్నవాళ్ళని, "అన్నయ్యగారూ, జాకెట్ వేసుకోండి" అని ఎన్నిసార్లు అడగను?

ఇక డబ్బు. రెండు బోట్ల ధరల్లో తేడా 13,000 అని ఆయన లెక్క. నా లెక్క అక్కడ ఆగలేదు. మా బండి లాగగలిగే బరువు 5,000 పౌండ్లు. పెద్ద బోటు, దాని ఇంజను, ట్రెయిలరు, పెట్రోలు అన్నీ కలిపితే ఆ గీత దాటుతుంది. అంటే ట్రక్కు కొనాలి, లేదా మరీనాలో అద్దెకి చోటు తీసుకోవాలి. చిన్నది మా బండికే తగిలించుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు.

అలాగని చిన్నదాన్ని గుడ్డిగా కొనెయ్యమనడం లేదు. వాడిన బోటు చూడటం కూరగాయలు ఏరినంత ఓపికతో చెయ్యాల్సిన పని. "మేమొచ్చేదాకా ఇంజను స్టార్ట్ చెయ్యకండి" అని అమ్మేవాళ్ళకి ముందే చెప్పాలి. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. డెక్ అంతా మడమతో నొక్కుకుంటూ నడవాలి. ఎక్కడైనా మెత్తగా దిగితే కార్పెట్ కింద చెక్క పుచ్చినట్టే. గొట్టాల కింద వంగి అతుకులు, సొట్టలు చూడాలి, లోపల నీళ్ళు కదిలే చప్పుడు వస్తుందేమో వినాలి. ఇంజను కింది భాగంలో నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు పోతున్నాయన్నమాట. ట్రెయిలర్ టైర్ల మీద నాలుగంకెలుంటాయి, 2315 అంటే 2015లో 23వ వారంలో తయారైందని. బోటు వెనక కుడిపక్కన ఉండే పన్నెండు అక్షరాల నంబరు కాగితాల్లో ఉన్నదానితో సరిపోవాలి. చివరగా మెకానిక్‌ని తీసుకెళ్ళాలి, నీళ్ళలో నడిపి చూడాలి. మా మెకానిక్ రెండు బోట్లూ బాగానే ఉన్నాయన్నాడు. అందుకే ఇది బోటు మంచిచెడ్డల ప్రశ్న కాలేదు, మా ఇంటి ప్రశ్న అయింది.

చిన్నదాంట్లో లోటుపాట్లకి నా దగ్గర జవాబులున్నాయి. అలలు ఎక్కువయ్యేది మధ్యాహ్నం. మేం పొద్దున్నే ఇడ్లీలు కట్టుకుని ఏడింటికి బయల్దేరతాం, పదకొండుకల్లా ఒడ్డుకి వచ్చేస్తాం. గాలి ఎక్కువున్న రోజు వెళ్ళం. తెర లేకపోతే బాత్‌రూమ్‌లున్న పార్కుల దగ్గర్లోనే తిరుగుతాం. మా పెద్దమ్మాయి బోటు నడపాలంటే ముందు బోటింగ్ కోర్సు పూర్తిచెయ్యాలి, 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి జార్జియాలో అది తప్పనిసరి. 20 అడుగుల బోటు మీద దానికి నేర్పడం తేలిక. నేనూ నేర్చుకుంటాను. 24 అడుగులదాన్ని గాలిలో డాక్‌కి చేర్చే ధైర్యం నాకు లేదు. ఆయనకి నడుం పట్టేసిన రోజున అందర్నీ క్షేమంగా ఒడ్డుకి తెచ్చేవాళ్ళు ఇంకొకరు ఉండాలా వద్దా?

ఈ చివరి ప్రశ్నకి మా వారి దగ్గర సమాధానం లేకపోయింది. రెండ్రోజులు ఆలోచించి, "ట్యూబింగ్ మాత్రం పోయింది" అని నిట్టూర్చి, చిన్నదానికే అడ్వాన్సు కట్టారు. ఆ నిట్టూర్పులో న్యాయముంది కనుక, ఏడాదికి ఒకసారి పెద్ద బోటు అద్దెకి తీసుకుని స్నేహితులందర్నీ పిలుద్దామని నేనే అన్నాను.

మీ ఇంట్లో ఇలాంటి బేరం నడుస్తుంటే బ్రోషరు మగవాళ్ళకి వదిలేసి మీరు వంటింట్లోకి వెళ్ళిపోకండి. బోటులో ఎంతమంది పడతారన్నది ప్లేటు మీద రాసి ఉంటుంది. ఎంతమందిని మీరు కళ్ళారా కాచుకోగలరన్నది దాని మీద ఉండదు, అది మీరే చెప్పాలి.