చిగురించు దినమును వ్రాయుఁడు

ఇంగ్లండునందలి ఓకువృక్షము పంచాంగమును చూచి చిగురింపదు. శీతకాలపు చలి తగినంత సోఁకిన పిమ్మట, గాలి వేడిమిని బట్టి దాని మొగ్గ విచ్చును. వేడిమి ముందు వచ్చిన యేఁట ఆకులును ముందే వచ్చును. అట్టి లేఁజిగురు వెనుక పడిన మంచుచే మాడిపోవుటయుఁ గలదు.

నార్ఫోకు సీమవాఁడగు రాబర్టు మార్షముగారు 1736లో ఇట్టి వసంతచిహ్నముల దినములను వ్రాయ నారంభించిరి. వారి వంశీయులు 1958 వఱకు ఆ పని సాగించిరి. తరువాతి శాస్త్రజ్ఞులకు ఆ లెక్కలు మిక్కిలి తోడ్పడినవి.

ఒక యేఁటి దినము వింతమాత్రమే. తరతరముల దినములు శాస్త్రమగును. భూమి వేడెక్కుచున్న యీ కాలమున ఇట్టి లెక్క లెంతయు నవసరములు. ఇందులకు యంత్రములకంటె ఓర్పే ముఖ్యమని నా యభిప్రాయము. బాలబాలికలారా! మీ యింటి వేపయో రావియో చిగురించు దినమును ఏటేట వ్రాసి, ఆ పుస్తకమును మీ తమ్ములకుఁ జెల్లెండ్రకు నప్పగింపుఁడు.