'ఆయుధం పట్టడం' అంటే ఏమిటి?

మన్యంలో అల్లూరి సీతారామరాజు ఆయుధం పట్టాడంటే బ్రిటిషు ప్రభుత్వం మీద పోరాటానికి దిగాడని అర్థం. అదే మన్యంలో అడవిపంది కోసం నాటు తుపాకి భుజాన వేసుకుని వెళ్లిన మనిషిని 'ఆయుధం పట్టాడు' అని ఎవరూ అనరు. అమెరికాలో తుపాకి హక్కు మీద జరుగుతున్న పెద్ద వాదన సరిగ్గా ఈ తేడా చుట్టూనే తిరుగుతోంది.

ఇది పరాయి దేశపు గొడవ అని వదిలేయలేం. మన సంఘాల్లో పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఒలేతలోనూ, 2023లో టెక్సాస్‌లోని అలెన్ షాపింగ్ మాల్‌లోనూ తుపాకికి బలైనవారిలో మన తెలుగు బిడ్డలున్నారు. 2021 ఒక్క ఏడాదిలో ఆ దేశంలో తుపాకి మరణాలు 48,000 దాటాయి. వాటిలో సగానికి పైగా ఆత్మహత్యలు.

1791లో ఆమోదం పొందిన రాజ్యాంగ రెండవ సవరణ ఇంగ్లీషులో 27 మాటల ఒకే వాక్యం. స్వేచ్ఛగల రాజ్యానికి చక్కటి క్రమశిక్షణ గల ప్రజాసేన అవసరం అని మొదలై, ఆయుధాలు ఉంచుకోవడానికీ 'బేర్ ఆర్మ్స్'కూ ప్రజలకున్న హక్కును భంగపరచకూడదని ముగుస్తుంది. ఈ 'బేర్ ఆర్మ్స్' దగ్గరే చిక్కంతా. దాన్ని తెలుగులో 'ఆయుధం వెంట ఉంచుకోవడం' అని రాస్తే ఒక పక్షం, 'ఆయుధం పట్టడం' అని రాస్తే ఇంకో పక్షం గెలిచినట్టే!

2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో మొదటి అర్థాన్నే ఒప్పుకుంది. జస్టిస్ స్కాలియా 18వ శతాబ్దపు నిఘంటువులు ముందు పెట్టుకుని, ఇంట్లో ఆత్మరక్షణకు పిస్తోలు ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని తీర్పు రాశారు. అది సైనిక సేవకు వాడే నుడికారమని జస్టిస్ స్టీవెన్స్ విభేదించారు. తర్వాత బ్రిగం యంగ్ యూనివర్సిటీ ఆ కాలపు పుస్తకాలు, ఉత్తరాలు, చట్టాలు కోట్ల మాటల మేర కంప్యూటరులోకి ఎక్కించింది. భాషావేత్త డెనిస్ బారన్ వాటిలో వెతికితే, వందలాది వాక్యాల్లో సైన్యంతో, యుద్ధంతో సంబంధం లేనివి వేళ్లమీద లెక్కపెట్టేటన్నే కనబడ్డాయి.

అయితే న్యాయం అడిగేవాళ్లం కాబట్టి అవతలి పక్షం సంగతీ చెప్పాలి. 1776 నాటి పెన్సిల్వేనియా హక్కుల ప్రకటన 'తమ రక్షణకూ, రాష్ట్ర రక్షణకూ' అంటూ ఇదే మాట వాడింది. 'వెల్ రెగ్యులేటెడ్' అన్న మాట చూపించి ప్రభుత్వ నియంత్రణ అప్పుడే ఉందని చెప్పేవారిది కూడా తప్పుడు చదువే. ఆ రోజుల్లో దానికి బాగా తర్ఫీదు పొందిన అనే అర్థం.

క్రైస్తవులుగా మనల్ని ఎక్కువగా ఆపేది 1789లో జేమ్స్ మాడిసన్ ప్రవేశపెట్టిన మొదటి ముసాయిదా. మతవిశ్వాసం వల్ల 'బేర్ ఆర్మ్స్'కు మనస్సాక్షి ఒప్పుకోనివారిని సైనిక సేవకు బలవంతపెట్టకూడదని అందులో ఉంది. క్వేకర్ల వంటి శాంతివాదులైన విశ్వాసులకు అది రక్షణ. చర్చల్లో ఆ భాగం తీసేశారు. తీసేసిన ఆ ముక్కలో ఆ మాటకు సైనికుడవడం అనే అర్థం స్పష్టంగా కనబడుతుందని స్టీవెన్స్ పక్షం. క్వేకర్లకు ఏ హింసా పనికిరాదు కాబట్టి అది రుజువు కాదని స్కాలియా జవాబు. (లూకా 22:36లోని కత్తి మాటను తుపాకికి అనుమతిగా చూపేవారు 51వ వచనం దాకా చదవరెందుకో మాకు తెలియదు.)

మాకు అంతకన్నా బరువుగా తోచే ప్రశ్న ఇంకొకటుంది. ఆ మాటల అర్థాలు స్థిరపడిన కాలంలో 'ప్రజలు' ఎవరు? 1792 మిలీషియా చట్టం పిలిచింది స్వతంత్రులైన తెల్ల మగవారిని మాత్రమే. 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టానీ, నల్లవారు పౌరులైతే ఎక్కడికైనా ఆయుధాలతో వెళ్లగలుగుతారని దాన్నొక ప్రమాదంగా చూపించాడు. వారు పౌరులు కాలేరనడానికి చెప్పిన కారణాల్లో అదొకటి!

స్త్రీల సంగతి మొన్నమొన్నటిది. తుపాకి ఆంక్షలకు చరిత్రలో పోలిక చూపాలని 2022లో బ్రూయెన్ తీర్పు చెప్పింది. దాంతో, గృహహింస కేసులో కోర్టు నిరోధపు ఉత్తర్వు ఉన్న మగవాడి దగ్గర తుపాకి ఉండకూడదన్న చట్టాన్ని 2023లో ఐదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు కొట్టేసింది. 18వ శతాబ్దంలో అలాంటి చట్టం లేదట! ఉంటుందా మరి? భార్యను కొట్టడం నేరమని ఆనాటి శాసనసభల్లో అడగడానికి ఒక్క ఆడమనిషి లేదు, ఆడవారికి దాదాపు ఎక్కడా ఓటూ లేదు. 2024లో రహీమి కేసులో సుప్రీంకోర్టు 8–1 తేడాతో ఆ చట్టాన్ని నిలబెట్టింది. అచ్చుగుద్దినట్టు అలాంటి పాత చట్టమే ఉండనక్కర్లేదని చెప్పింది. ఒప్పుకోని ఆ ఒక్కరు, బ్రూయెన్ తీర్పు రాసిన జస్టిస్ థామస్.